మస్కట్ అల్లుడు

"బండి ఆ కానుగచెట్టు కింద పెట్టుకో. ఈడ చుట్టాల కార్లొస్తాయి" అని వినీల వాళ్ళన్న నరేంద్రబాబు చెయ్యి ఊపి వెళ్ళిపోయాక, గిద్యోను కారును వెనక్కి తీసి చెట్టు నీడలో ఆపి, ఇంజిన్ కట్టేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచుకుని కూర్చున్నాడు. పిలుస్తాం అన్నాడు కదా. అన్నాడా? ఆగు అన్నాడు, పిలుస్తాం అన్నమాట తనే కలుపుకున్నాడేమో. ఇంటిముందు షామియానా, గుంజలకు అరటిబోదెలు, స్పీకరులోంచి సన్నాయి. ఆ సన్నాయి నెట్ అందనప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఆగి మళ్ళీ అందుకుంటోంది. కారు ఆగీ ఆగకముందే ఆడవాళ్ళు గుంపుగా వచ్చి వినీలను దించుకున్నారు, జాగ్రత్తమ్మా, మెల్లిగా, గడప ఉంది చూసుకో, అంటూ వాళ్ళమ్మ ఆదిశేషమ్మ కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ చెయ్యి తాకని నడుం. అది పడగానే వినీల భుజాలు ఎలా వదులయ్యాయో అతను వెనక నుంచి చూశాడు. ఇన్ని నెలలుగా తను ఎంత పట్టినా, ఎంత కాపడం పెట్టినా వదులవని భుజాలు. చూసి సంతోషపడ్డాడు. ముందు కలిగింది సంతోషమే, ఈ ఉక్కలో కూర్చుని తర్వాత ఏమేం అనుకున్నా సరే, ముందు కలిగింది మాత్రం సంతోషమే, అది మర్చిపోకూడదు.

కొత్త చొక్కా మెడ దగ్గర గీరుకుంటోంది. లేత నీలం, గీతలు కూడా లేనిది, వినీలే ఏరింది. అతను ముదురు ఎరుపుది పట్టుకుంటే వద్దు, మరీ అంత కొట్టొచ్చినట్టు వద్దు అంది. కారు జడ్సన్‌ది, రొయ్యపిల్లల హేచరీలో తనతో పాటు పనిచేసి మానుకుని టాక్సీ కొనుక్కున్న జడ్సన్‌ది, పసుపు నంబరు ప్లేటు. ఏడో నెల మనిషిని బైకు వెనకాల కూర్చోబెట్టుకుని జువ్వలదిన్నె నుంచి చిల్లకూరు దాకా ఎట్లా తెస్తాడు, బస్సు కుదుపులు వద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది, అందుకని అడిగితే జడ్సన్ తాళాలు అరచేతిలో పెట్టి "పో అల్లుడుగారూ, అత్తగారింటికి దర్జాగా పో" అన్నాడు. దారి పొడుగునా వినీల వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకుంది, అతను గుంత కనిపిస్తే చాలు నడిచేవాడికన్నా మెల్లగా దించి ఎక్కించాడు, హైవే మీద లారీవాళ్ళు హారన్లతో తిట్టుకుంటూ దాటిపోయారు. దాటిపోనీ. కోతలు సాగుతున్నాయి, మిషన్లు లేపిన దుమ్ము రోడ్డు మీదికి వస్తుంటే అద్దాలు ఎక్కించాడు. సీమంతంలో మొగుడు చెయ్యాల్సింది ఏమేం ఉంటుంది వినీ, అని వారం కిందట అడిగితే ఆమె బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండా, "ఏం ఉండదు, పక్కన కూర్చోవడమే" అంది. అక్షింతలు కుడిచేత్తోనే వెయ్యాలా, పాస్టరుగారికి తెలిస్తే ఏమంటాడో, అని తల్లి ప్రేమలీల దగ్గర గొణిగితే ఆమె నవ్వింది. "మన దేవుడు నాలుగు బియ్యం గింజలకి అలగడు నాయనా. ఆ పిల్లకి తల్లి కావాల. నువ్వు పోయి తల వంచుకుని కూర్చో, అంతే."

తల్లి కావాల. నిజమే, కానీ తండ్రి కావడానికి ఏం కావాలో ఎవరూ చెప్పరు, చెప్పేవాళ్ళు ఉండరు, అతను ఎవరినీ అడక్కుండానే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. సిగరెట్టు మానేశాడు. హేచరీలో పని అయిపోగానే అక్కడే సబ్బు రుద్దుకుని స్నానం చేసి వేరే బట్టలు మార్చుకుని ఇంటికి వచ్చేవాడు, ఆ ఉప్పునీళ్ళ వాసన, క్లోరిన్ వాసన తగిలితే వినీలకు కడుపులో తిప్పేది, ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో మిగిలేది, ఆమె ముఖం తిప్పుకునేది, అతను వరండాలో తినేవాడు. ప్రేమలీల అతన్ని కాళ్ళు చాపి కూర్చోబెట్టి, తడి తువ్వాలును బిడ్డంత చుట్ట చుట్టి, మోకాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం నేర్పింది. మెడ కింద చెయ్యి, ఆ చెయ్యి జారకూడదు, నీళ్ళు ముక్కులోకి పోకుండా నుదుటి మీద అరచెయ్యి అడ్డం. మగవాడు చేసే పనేనా ఇది అని ఆమె ఒక్కసారీ అనలేదు. మంచం మీద నుంచి చూస్తూ వినీల "చాల్లే, నీ తువ్వాలుకి జలుబు చేస్తాది" అంది. నవ్వింది. ఆ నెలల్లో ఆమె నవ్వడం అదొక్కసారేనేమో. తన నాయన తనకు అట్లా నీళ్ళు పోశాడా? నాయన అంటే గుర్తొచ్చేది డీజిల్ వాసన, తడి వలల వాసన, పడవ దిగి వచ్చి అరుగు మీద అట్లాగే వాలిపోయిన మనిషి వీపు. ముఖం కన్నా వీపే బాగా గుర్తు. తన బిడ్డకు తన ముఖం గుర్తుండాలి. అంతకన్నా ఏం అడగలేదు అతను, ఏ ప్రార్థనలోనూ అంతకన్నా పెద్దది అడగలేదు.

హేచరీలో అయితే తండ్రి ఊసే ఉండదు. తల్లి రొయ్యను చీకటి గదిలో పెట్టి, ఒక కంటి కాడను చిదిపేస్తారు, అప్పుడది త్వరగా గుడ్లకొస్తుంది. ఏళ్ళ తరబడి అతను చేసిన పని అదే. కన్ను పోతే గుడ్లెందుకు పెడతాది అని ఒకరోజు ల్యాబులో మైక్రోస్కోపు ముందున్న కొత్తమ్మాయిని అడిగాడు, ఆ కొత్తమ్మాయే వినీల. "రెండు కళ్ళతో చూస్తా ఉంటే చుట్టూ ఏముందో దానికి తెలిసిపోతాది. తెలిస్తే కనబుద్ధి కాదు" అంది, అని, అతను నోరు తెరుచుకుని చూస్తుంటే, సైన్సు వేరే ఉందిలే, నీకు అర్థమయ్యేట్టు చెప్పినా, అంది. ఆ మాటతోనే మొదలైంది అంతా. ఆమె కడుపుతో ఉందని తెలిశాక అతని చెయ్యి ఆ పనికి లేవలేదు. సూపర్‌వైజరును బతిమాలి ట్యాంకులు కడిగే పనికి మారాడు. ఎందుకురా అంటే చెయ్యి నొప్పి అన్నాడు.

మొదటిసారి కడుపు నిలవలేదు. నెల్లూరులో ఆస్పత్రి మంచం మీద వినీల బిడ్డ కోసం ఏడవలేదు, అమ్మా అని ఏడ్చింది, అమ్మా, అమ్మా, అని, పక్క మంచం వాళ్ళు ఎవరమ్మా వాళ్ళమ్మ, పిలిపించండి అన్నారు. ఎవరిని పిలిపిస్తాడు? రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చిన సాయంత్రమే జయరామయ్య ఫోన్లో కూతురితో "మాకు ఉండేది ఒకే కూతురు, ప్రత్యూష. నువ్వెవరో మాకు తెలీదమ్మా" అని పెట్టేశాడు. అరవలేదు, తిట్టలేదు, తెలియని నంబరు నుంచి వచ్చిన ఫోను పెట్టేసినట్టు పెట్టేశాడు. రెండోసారి కడుపొచ్చినప్పుడు మళ్ళీ ఎర్రటి చుక్క కనిపించింది, డాక్టరమ్మ మంచం దిగొద్దంది, వినీల గోడ వైపు తిరిగి పడుకుని గోడతో మాట్లాడేది, మా అమ్మ అయితే ఇట్లా చేసేది, మా అమ్మ చింతపండు లేకుండా ఉట్టి మిరియాల కట్టు పెట్టేది, మా అమ్మ ఉంటే నాకు భయం ఉండదు. అతను మిరియాల కట్టు పెట్టాడు. ప్రేమలీల పెట్టింది. ఆమె రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి జరిపేది, ఆ జరపడంలో ఒక మాట ఉండేది, అది ఆమె పైకి అనేది కాదు, ఈ ఇంటి వంట, ఈ ఇంటి గిన్నె. లేదు, అదేం కాదు, వేవిళ్ళు అంతే, అనుకునేవాడు. చర్చి వెనక కాలనీలో పుట్టినవాడికి అలాంటి మాటలు పైకి అనకపోయినా వినిపిస్తాయి, అది రోగం, అందరి మీదా అనుమానపడే రోగం, అని తనను తనే తిట్టుకునేవాడు. ఒక మధ్యాహ్నం ట్యాంకుల వెనక నిలబడి జయరామయ్యకు తనే ఫోన్ చేశాడు. మామయ్యా అన్నాడు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కట్ అయిందేమోనని చూసుకున్నాడు, కాలేదు. సార్, అన్నాడు. అప్పుడు "చెప్పు" అన్న మాట వచ్చింది. వినీల పరిస్థితి చెప్పాడు, మీరు వచ్చి చూస్తే చాలు సార్, నన్ను పలకరించక్కర్లేదు అన్నాడు, ఆ మాట నోట్లోంచి ఎందుకు వచ్చిందో, ఎవరు అనమన్నారు. "మేము పిలిపిస్తాం. మేము చెప్పినట్టు ఉండాల" అన్నాడు జయరామయ్య. ఉంటాం సార్. ఏం చెబుతారో అడగలేదు. అడిగితే వెనక్కి తీసుకుంటాడేమోనన్న భయం.

అద్దం మీద ఎవరో గోటితో కొట్టారు. తెల్లపంచె ముసలాయన, చేతికర్ర, భుజం మీద కండువాతో మెడ తుడుచుకుంటూ నీడ కోసం వచ్చాడు. గిద్యోను అద్దం దించాడు.

"ఏమబ్బాయ్, నెల్లూరు బండేనా?"

"జువ్వలదిన్నె."

"ఓహో, సముద్రం కాడి నుంచా. పాపని తెచ్చింది నువ్వేనా? మెల్లిగా తెచ్చినావా?"

"మెల్లిగానే తెచ్చినాను."

"మంచిపని చేసినావు. ఏడో నెల, కుదుపు తగలకూడదు. నేను జయరామయ్యకి చిన్నాయన వరస." ముసలాయన చెట్టు మొదలుకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "అన్నీ బాగానే చేస్తా ఉండారు గానీ, అల్లుడే లేకపోయె. పాపం, మస్కట్టు నుంచి రావాలంటే మాటలా. లీవు ఇయ్యలేదంట."

"ఎవరికి?"

"అల్లుడికి, అబ్బాయ్. రవి కుమార్. మనవాళ్ళే, కావలి పక్క. ఏదో ఆయిల్ కంపెనీలో పెద్ద పనంట. కాన్పుకైనా వస్తాడో రాడో." లోపల నుంచి ఎవరో పెద్దాయనా, టిఫినుకి రాండి, అని కేకేస్తే కర్ర ఊపుతూ వెళ్ళాడు. వెళుతూ వెనక్కి తిరిగి "నువ్వూ తినిపో. డ్రైవర్లకి ఆ పక్క పెడతారు" అన్నాడు.

రవి కుమార్. ముందు ఆ పేరు తన గురించి కాదనుకున్నాడు, ఇంకో కూతురి గురించి, ఇంకో ఇంటి గురించి, ముసలాయన ఏదో కలగాపులగం చేస్తున్నాడు. వినీల చెల్లెలు ప్రత్యూషకు ఇంకా పెళ్ళి కాలేదు. మరి ఎవరు రవి కుమార్? ఎంత నున్నటి పేరు. ఏ ఊళ్ళోనైనా, ఏ ఇంట్లోనైనా ఇమిడిపోయే పేరు, బడిలో హాజరు పిలిచినప్పుడు ఎవరూ తలతిప్పి చూడని పేరు. గిద్యోను అంటే ప్రతి మాస్టరూ ఆగి, కళ్ళజోడు సర్ది, ఏందీ, మళ్ళీ చెప్పు అనేవాడు. ఎవరు పెట్టి ఉంటారా పేరు, మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ ఆదిశేషమ్మ, జయరామయ్య, నరేంద్రబాబు తలొక పేరు అనుకుని ఉంటారా, తొలి బిడ్డకు పేరు వెతుక్కున్నట్టు వెతికారా? మస్కట్లో ఏసీ గదిలో రవి కుమార్ ఇప్పుడు ఏం చేస్తుంటాడు. అతని చేతులకు వాసన ఉండదు. అతని వంట తిని వినీల పళ్ళెం పక్కకి జరపదు. అతను మామయ్యా అంటే అల్లుడూ అంటారు. అతను ఎన్నడూ రాడు కాబట్టి ఎన్నడూ తప్పు చెయ్యడు, అతన్ని మించిన అల్లుడు ఉండడు, బిడ్డ పుడితే రవి కుమార్ ముక్కు వచ్చింది, రవి కుమార్ చెవులు వచ్చాయి అని ఈ వాకిట్లోనే చెప్పుకుంటారు, ఎవరూ చూడని ముక్కు, ఎవరూ చూడని చెవులు. ఆ బిడ్డ అతన్ని నాయనా అని పిలుస్తుంది. గాలిని చూసి నాయనా అంటుంది.

వినీలకు తెలుసా? తెలియదు. వీళ్ళు ఆమెకు చెప్పకుండా పుట్టించిన మాట ఇది, తెలిస్తే ఆమె లోపలి నుంచి లేచి వస్తుంది, రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద అందరి ముందూ చెయ్యి పట్టుకున్న మనిషి. కానీ చొక్కా. మరీ కొట్టొచ్చినట్టు వద్దు. కానీ ఫోన్లో ఆమె పేరు పక్కన ఎప్పుడూ ఉండే పెళ్ళి ఫోటో పోయి వారం నుంచి ఒక మందారపువ్వు ఉంది, ఏమైంది వినీ అంటే, ఊరికే, మార్చినా, అంది. కానీ నిన్న సాయంత్రం సూట్‌కేసు సర్దుతూ, అక్కడ ఎవరన్నా ఏమన్నా అడిగితే ఎక్కువ మాట్లాడబాక, అంది. ఎందుకు మాట్లాడతాను, కొత్తవాళ్ళతో నేనేం మాట్లాడతాను, అని నవ్వాడు తను. ఆమె నవ్వలేదు. మంచం అంచున కూర్చుని కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని, "నాకు ఈ బిడ్డ బతికి పుట్టాల. మిగతావన్నీ నాకు తర్వాత. నువ్వూ అట్లే అనుకో" అంది. అనుకున్నాడు. అట్లే అనుకున్నాడు. మిగతావి అంటే ఏవో అనుకున్నాడు, కాన్పుకు ఎక్కడికి పోవాలి, ఏ పేరు పెట్టాలి, ఇట్లాంటివి. ఆడపిల్లయితే అబిగయీలు అని ప్రేమలీల అంటే వినీల సరేనంది మొదట్లో, ఈమధ్య రెండు పక్కలా పలికే పేరు చూద్దామంది. మిగతావి అంటే తనే అని తోచలేదు. మనిషికి తను మిగతావాటిలో ఉన్నానని ఎట్లా తోస్తుంది.

షామియానాలో నవ్వులు లేచాయి, గాజులు తొడుగుతున్నట్టున్నారు. సన్నాయి ఆగి మళ్ళీ మొదలైంది. ఎండ జరిగి చెట్టునీడ బానెట్ మీదికి పోయింది, స్టీరింగ్ కాలుతోంది. అతను చెయ్యి తియ్యలేదు.

జయరామయ్యే స్వయంగా వచ్చాడు. చేతిలో అట్టపెట్టె భోజనం, నీళ్ళసీసా. కొత్త పంచె అంచు దుమ్ములో ఈడ్చుకుంటున్నా చూసుకోలేదు. గిద్యోను దిగబోతే, "కూర్చో, కూర్చో" అని తలుపు మీద చెయ్యి ఆనించాడు, ఆ చెయ్యి ఆనించడం మర్యాదకా, తలుపు తెరుచుకోకుండానా తెలియలేదు. పెట్టె కిటికీలోంచి అందించాడు.

"వేడిగా ఉండాది, తిను. బొబ్బట్లు పెట్టించినా."

"రవి కుమార్ ఎవరు సార్?"

జయరామయ్య షామియానా వైపు చూశాడు. పెద్దమనిషి, వయసుకు మించి వడలిపోయిన ముఖం, రెప్పల కింద చర్మం జారి ఉంది, ఆ జారిన చోట అచ్చం వినీల పోలిక, అది చూడకుండా ఉంటే బాగుండేది.

"తప్పుగా అనుకోబాక. ప్రత్యూషకి సంబంధం వచ్చింది. వాళ్ళు పెద్దమ్మాయి సంగతి అడిగినారు. ఏమని చెప్పేది? నువ్వే చెప్పు, నీకొక కూతురుంటే నువ్వు ఏం చేస్తావు?"

"నిజం చెప్తాను."

"చెప్తావు. నువ్వు చెప్పగలవు. నీకేం పోతాది" అన్నాడు జయరామయ్య, కోపంగా కాదు, ఎండ బాగా ఉందని చెప్పినట్టు. "కాన్పు గూడూరులో. నొప్పులొచ్చినాక నేనే ఫోన్ చేస్తా. వెంటనే రాబాక. చుట్టాలంతా వచ్చి పోతారు, వాళ్ళు పోయినాక వచ్చి చూసుకో. ఈలోపల ఫోన్లో మాట్లాడుకోండి, నేనేం వద్దనను."

"ఆదివారాలు వచ్చి పోదామనుకున్నాను."

"వద్దు."

"ఆ పెళ్ళి అయ్యేదాకానా సార్? ఆ తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత చూద్దాం."

"వినీలకి తెలుసా?"

జయరామయ్య తలుపు మీది చెయ్యి తీశాడు. "అది ఒప్పుకోబట్టే గదా ఇదంతా చేసింది. ఒప్పుకోకపోతే నేను వాకిలి తెరిచేవాణ్ణా?" అని రెండడుగులు వేసి ఆగి, ఇటు తిరగకుండానే, "బాగా చూసుకున్నావంట దాన్ని. వాళ్ళమ్మకి చెప్పింది" అన్నాడు, అని గబగబా వెళ్ళిపోయాడు, అప్పిచ్చినవాడు ఎదురుపడితే తప్పుకున్నట్టు.

బాగా చూసుకున్నావంట. ఆ మాట కాస్త తియ్యగానే తగిలింది, తగిలినందుకు సిగ్గేసింది. పెట్టె తొడల మీద కాలుతోంది. తెరిచాడు, పులిహోర, బొబ్బట్టు, పక్కన ఎర్రగా మలైకాజా, ప్లాస్టిక్ చెంచా. తిన్నాడు. ఆకలి వేసింది, తిన్నాడు, ఎవరి మీద కోపం వచ్చినా కడుపు మాత్రం దాని పని అది చేసుకుంటుంది. తింటూ ఆలోచించాడు, కుర్చీలు తన్నేసి లోపలికి పోయి చెబితే? నేనే, ఈ బిడ్డ నాదే, నా పేరు గిద్యోను, హెన్రీ కొడుకును, చర్చి వెనక కాలనీ, రాసుకోండి. చెబితే ఏమవుతుంది? ప్రత్యూష పెళ్ళి ఆగిపోతుంది. వినీలను ఇదే కారులో ఎక్కించి పంపేస్తారు. వెనక సీట్లో ఆమె కడుపు పట్టుకుని, మాట్లాడకుండా, ఇన్ని మైళ్ళు. మళ్ళీ ఎర్రటి చుక్క. అప్పుడు ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఏమంటుందో అతనికి తెలుసు, ఏమీ అనదు. చెప్పకపోతే బిడ్డ బతుకుతుంది, రవి కుమార్ బిడ్డ. చెబితే తన బిడ్డ, బతుకుతుందో లేదో. ఎవరు కట్టారు ఇట్లాంటి ముడి, ఎంత నేర్పుగా కట్టారు, ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అందరూ ఆమె బాగు కోరేవాళ్ళే.

ముసలాయన మళ్ళీ వచ్చాడు, వక్క నములుతూ. "తిన్నావా అబ్బాయ్? పులిహోరలో ఉప్పు కొంచెం ఎక్కువైంది." చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు. కర్రతో మట్టిలో ఏదో గీస్తూ కోతల గురించి, మిషన్ల గురించి, గట్లు తెగ్గొట్టుకుని పోయే మిషన్ డ్రైవర్ల గురించి చెబుతున్నాడు. గిద్యోను వింటున్నాడు, వినడం లేదు, చేతికంటిన నెయ్యి తుడుచుకుంటూ అనుకోకుండానే అనేశాడు.

"ఆ అమ్మాయి మొగుణ్ణి నేనే పెద్దాయనా."

ఈ ముసలాయన కర్ర జారవిడుస్తాడు, లేస్తాడు, కేకలేస్తాడు, అయిపోయింది, తను చేతులారా చేసేశాడు. ముసలాయన కర్ర గీయడం కూడా ఆపలేదు.

"తెలుసులే" అన్నాడు.

"తెలుసా?"

"తెలీనోళ్ళు ఎవరబ్బాయ్ ఈ ఊళ్ళో? ఆ పెళ్ళికొడుకు తరపోళ్ళకీ తెలుసు. మీరు పెళ్ళి చేసుకున్న రోజే తెలిసింది అందరికీ." వక్క ఉమ్మి మూతి తుడుచుకున్నాడు. "తెలిసినా తెలీనట్టు ఉండడానికి ఒక మాట కావాల. మస్కట్టంటే సరిపోయింది. ఎవురూ పోయి చూడరు. నువ్వు బండిలో నుంచి దిగకుండా ఉండావు చూడు, అది నీ మంచితనం. అట్నే ఉండు నాయనా. అందరికీ మంచిది."

చెప్పడానికి ఇక ఏం మిగలలేదు. ఇంతసేపూ నోట్లో దాచుకుని, మింగలేక, కక్కలేక, బాంబులాగా భద్రంగా పట్టుకున్న మాట ఊరంతటికీ తెలిసిన మాట, పెళ్ళికొడుకు తరపువాళ్ళకు తెలిసిన మాట, బొబ్బట్లు వడ్డించే కుర్రవాళ్ళకూ తెలిసిన మాట. బండి ఆ పక్కన పెట్టుకో అన్నప్పుడు నరేంద్రబాబుకు తెలుసు, చుట్టుపక్కల కార్లు దిగిన ప్రతి మనిషీ ఈ పసుపు ప్లేటు బండివైపు ఒక చూపు చూసి తలతిప్పుకున్నది తెలిసే. తెలియనివాడు తనొక్కడే. వాళ్ళంతా కలిసి ఆడుతున్న ఆటలో తనకూ ఒక వేషం ఉంది, అది వేసుకుని ఇంతసేపూ సక్రమంగా కూర్చున్నాడు, ఎవరూ నేర్పకుండానే.

వెనక సీట్లో వినీల మందుల సంచి ఉండిపోయింది. భోజనం అయిన వెంటనే వేసుకోవాల్సిన మాత్ర అందులోనే ఉంది, అది వేసుకోకపోతే ఆమెకు సాయంత్రానికి కళ్ళు తిరుగుతాయి, ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు లేరు. అతను సంచి తీసుకుని కారు దిగాడు. ముసలాయన వద్దని చెప్పలేదు, కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు.

షామియానా కింద మాటలు ఒక్కసారిగా పలచబడ్డాయి. అతను కుర్చీల మధ్య నుంచి నడుస్తుంటే ఎవరూ అతని ముఖం చూడలేదు, విస్తళ్ళలోకి చూశారు, ఫోన్లలోకి చూశారు, ఒకాయన పక్కాయన్ని ధాన్యం తేమ ఎంత వచ్చిందని గట్టిగా అడిగాడు. అటు చివర వినీల పెద్ద కుర్చీలో కూర్చుని ఉంది. మెడలో దండ, బుగ్గల మీద గంధం, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు, ఒడిలో చలివిడి. ఇంత అందంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. పెళ్ళినాడు ఒక పూసల గొలుసు వేసుకుని ఉంది, అంతే. పక్కన ఇంకో కుర్చీ, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో కొబ్బరికాయ, తాంబూలం. కూర్చోవడానికి కాదు ఆ కుర్చీ. ఫోటోలు తీసేవాడు చేత్తో పక్కకి జరగమన్నాడు. అతను జరగలేదు.

"మందులు తెచ్చినావా నాయనా, ఇట్లా ఇచ్చి పో" అంది ఆదిశేషమ్మ, అందరికీ వినిపించేట్టు, మెత్తగా. ఆమె చేయి చాచింది. అతను ఆమెకు ఇవ్వలేదు.

"వినీ" అన్నాడు.

మెల్లగానే అన్నాడు. కానీ ఆ సమయానికి సన్నాయి ఆగింది, నెట్ అందక, ఆ ఒక్క మాట గంట కొట్టినట్టు వినిపించింది. వినీల తల ఎత్తింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం కూడా లేదు, నడివీధిలో నిండు కుండ ఎత్తుకున్న మనిషి ఎదురొచ్చిన వాణ్ణి చూసినట్టు, తగలకు, అంతే, తగలకు, అన్నట్టు చూసింది. ఆమె చేతులు ముందుకొచ్చాయి, గాజులు సన్నగా మోగాయి. సంచి అందుకుంది.

"థాంక్స్ అన్నా" అంది.

షామియానా కింద గాలి ఆడినట్టయింది. ఎవరో రసం అడిగారు. ఎవరో చిన్నపిల్లను కుర్చీ ఎక్కొద్దని కసిరారు. సన్నాయి అందుకుంది. గిద్యోను వచ్చిన దారినే నడిచి వచ్చి కారెక్కాడు, నరేంద్రబాబు పరుగున వచ్చి అడ్డంగా ఉన్న కార్లను తీయించి, రానీ, రానీ, ఎడమకి తిప్పు అంటూ దారి చూపించాడు, చూపిస్తూ ఒక్క క్షణం కళ్ళు కలిస్తే ఏదో అనబోయి కారు మీద తట్టాడు. సూట్‌కేసు దించిందీ లేనిదీ గుర్తురాలేదు. వెనక్కి చూశాడు, దించారు. సీటు మీద ఆమె తల ఆనించుకున్న చిన్న దిండు మాత్రం ఉంది, దానిమీద రెండు వెంట్రుకలు.

హైవే ఎక్కి, గూడూరు దాటి, ఎంత దూరం వచ్చాడో తెలియదు. నిండు లోడుతో ధాన్యం లారీలు దాటుతున్నాయి, ఈసారి అతను గుంతలు చూసుకోవడం లేదు, కుదుపులు నడుంలోకి తగులుతున్నాయి, తగలనీ. అన్నా. పిల్లలు దారిన పోయేవాణ్ణి పిలిచే మాట, కండక్టరును పిలిచే మాట. నోరు తిరగక కాదు, తడబడి కాదు, ఎంచుకుని అంది, ఆ మాట అంటే ఇక ఏ అనుమానమూ మిగలదని. బిడ్డ విని ఉంటుందా? ఏడో నెలకు వినిపిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వాళ్ళమ్మ గొంతుతో తండ్రి గురించి విన్న మొదటి మాట. ఆమె ఏం చేస్తుంది, బతికించుకోవాలి కదా, అని ఒక పక్క అనుకుంటున్నాడు, అదే మనసులో ఇంకో పక్క ఆమెను ఇక ఎప్పుడూ మునుపట్లా తాకలేనని తెలుస్తోంది, రెండూ నిజమే, రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా పక్కపక్కన కూర్చున్నాయి.

ఫోన్ మోగింది. ప్రేమలీల. బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"తిన్నావా నాయనా?"

"తిన్నానమ్మా. బొబ్బట్లు పెట్టినారు."

"లోపలికి పిలిచినారా?"

"పిలిచినారు."

"వినీల పక్కన కూర్చోబెట్టినారా?"

"ఆఁ. కుర్చీ వేసినారు."

"దేవునికి స్తోత్రం" అంది ఆమె. "నేను పొద్దుట్నుంచి ముద్ద ముట్టలేదు, నా బిడ్డని ఏమంటారో అని. మంచోళ్ళేనయ్యా, మనమే లేనిపోనివి అనుకున్నాము. వాళ్ళ నాయన నిన్ను ఏమని పిలిచినాడు?"

ధాన్యం లారీ ఒకటి కారును ఊపేస్తూ పోయింది.

"అల్లుడా అన్నాడు" అన్నాడు గిద్యోను.

నోరు తడబడలేదు. అవతల ప్రేమలీల ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని అక్కడికక్కడే ప్రార్థన మొదలుపెట్టింది, కోడలి కోసం, కడుపులో బిడ్డ కోసం, తన కొడుకును కొడుకులా ఆదరించిన జయరామయ్య గారి కోసం, ఆదిశేషమ్మ గారి కోసం, ఆ ఇంటివాళ్ళు చల్లగా ఉండాలని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి. అతను కళ్ళు మూసుకోకుండా రోడ్డు వైపు చూస్తూ విన్నాడు. ఆమె ముగించి, అతని మాట కోసం ఆగింది.

"ఆమేన్" అన్నాడు.